అచ్చయిన వ్యాసమును మరల పంచుట

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



గద్వాల చీరను గూర్చి ఎప్పుడో ఒకప్పుడు వ్రాయని తెలుగు పత్రిక అరుదు. పండుగ ప్రత్యేక సంచికలలోను, ఆదివారపు అనుబంధములలోను, ప్రభుత్వ మాసపత్రికలలోను అట్టి వ్యాసములు వచ్చుచునే యున్నవి. వ్యాసము వచ్చిన దినమున మగ్గము గల ఇంటివారు ఒక ప్రతి దాచుకొందురు. దానికి అద్దము కట్టించి గోడకు వ్రేలాడదీసిన ఇండ్లను కూడ మేము చూచితిమి. పూర్వము వ్యాసమునకు అంతటితో ఆయువు తీరుచుండెను. నేడు అట్లు గాదు. ఆ పుటను సెల్‌ఫోనుతో ఫోటో తీసి వాట్సాపులో పంపవచ్చును. అందలి మాటలను తిరిగి టైపు చేసి, అంతర్జాలమున సరకు అమ్ము పుటలలో చేర్చవచ్చును. ఈ విధముగా ఒకసారి అచ్చయిన వ్యాసము పదిచోట్ల మరల వెలువడి, ఎన్నడును గద్వాల మొగము చూడని కొనుగోలుదారుల కంటబడుచున్నది. పైసా ఖర్చు లేని ప్రచారమని మన సంఘములవారు సంతోషించుచున్నారు. సంతోషింపదగిన విషయమే. అయితే ఇందులో మనము మోసపోవు చోట్లును కొన్ని కలవు. వానిని మీతో ముచ్చటించుటకే వచ్చితిమి.

మొదట మేము చేసిన పొరపాటునే చెప్పుదుము. కొన్ని యేండ్ల క్రిందట ఒక నేత సంఘమువారు తమ చీరలను అంతర్జాలమున అమ్ముటకు పూనుకొని, చీరలతో పాటు చదువుటకు నాలుగు మాటలు కావలెనని మమ్ము అడిగిరి. అంతకు ముందెప్పుడో ఒక మాసపత్రికలో వారి ఊరి నేతను గూర్చి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వ్రాసిన వ్యాసము మా యొద్ద నుండెను. చక్కని వ్యాసము. దానినే ఎత్తి వ్రాసి యిచ్చితిమి. చోటు చాలదని రచయిత పేరు తీసివేసితిమి. పాతదని తోచునేమో యని పత్రిక పేరు, నెల, సంవత్సరము తీసివేసితిమి. కొనువారికి చిన్న ఊరి పేరుతో పని యేమి, గద్వాల యన్న చాలునని ఊరి పేరును కూడ తీసివేసితిమి. అందరును బాగున్న దనిరి.

ఆరేడు నెలలు గడచెను. ఒకనాడు సంఘ అధ్యక్షునకు దూరపు పట్టణము నుండి ఒక గృహిణి ఫోను చేసెను. ఆమె కొన్న గద్వాల చీర మొదటి ఉతుకునకే రంగు వెలిసినదట. "మీరు వ్రాసినది చదివియే గదా కొంటిని" అని ఆమె నిష్ఠూరమాడెను. విచారింపగా, ఆ చీర మన సంఘమువారిది గాదు. వేరొక రాష్ట్రపు వర్తకుడు మరమగ్గపు చీరలను మన ధరలో నాలుగవ వంతుకు అమ్ముచు, వాని క్రింద మన వ్యాసమునే అతికించెను. టైపు చేయునప్పుడు మేము చేసిన అక్షర దోషము కూడ అందులో అట్లే యున్నది! మేము ఆ వర్తకునకు వ్రాసితిమి. వ్యాసము మీదని నిదర్శన మేమని అతడు తిరిగి అడిగెను. చూపుటకు మా యొద్ద ఏమున్నది? పేరు లేదు, ఊరు లేదు, తేది లేదు. చివరకు ఆ ఉపాధ్యాయుని యింటికి పోయి సాయమడిగితిమి. వారు కాఫీ ఇచ్చి, కూర్చుండబెట్టి, "అయ్యా, నా పేరు కొట్టివేయునప్పుడు నన్ను అడుగలేదు గదా" అని మాత్రము అనిరి. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆలోచించినకొలది మాకు తెలిసిన దేమనగా, ఆ వర్తకుడు మన వ్యాసమును దొంగిలించుటకు ముందే మేము దానిని ఎవరికైనను సరిపోవునట్లు చేసి పెట్టియుంటిమి. ఏ ఊరి పేరును లేని పొగడ్త ఏ ఊరి సరకునకైనను అతుకును. మగ్గపు చీరకు అతికినట్లే మరమగ్గపు చీరకును అతుకును.

ఇంకొక లోపమును ఉండెను. అగ్గిపెట్టెలో పట్టు చీర యని, రాజులు మెచ్చిన చీర యని ఆ వ్యాసములోని మాటలను మేము ఏరి యుంచుకొంటిమి. నేత పనిని వివరించిన భాగమును విసుగు పుట్టించునని కత్తిరించితిమి. కొనువారికి కావలసినది సరిగా ఆ భాగమే. గద్వాల చీరకు ఒడలు నూలుది, అంచును కొంగును పట్టువి. నూలు పోగును పట్టు పోగును వేర్వేరు నాడెలతో నేయుచు, ఒకదాని నొకటి మెలివేసి మగ్గము మీదనే కలుపుదురు. దానినే కుప్పడము అందురు. కొంగు వద్ద నూలు పడుగు పోగులకు పట్టు పడుగు పోగులను చేతితో ముడివేయుదురు. అంచు ఒడలితో కలియు చోట గోపురముల వంటి కుంభములు తీర్తురు. ఈ నాలుగు మాటలు తెలిసిన గృహిణి, చీరను తిరగవేసి అంచు కలిసిన చోటు చూచినంతనే అసలేదో నకిలీ ఏదో కొంతవరకు పోల్చుకొనగలదు. పొగడ్త చదివిన గృహిణికి ఆ శక్తి రాదు. కావున మరల పంచుటకు ఒక వ్యాసమును ఎన్నుకొనునప్పుడు, సరకును పోల్చుకొను విధము చెప్పిన వ్యాసమునే ఎన్నుకొనుడు. ఆ భాగమును కత్తిరింపకుడు.

గద్వాల చీరకు 2010వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ననుసరించి, ఆ ప్రాంతమున ఆ పద్ధతిని నేసిన చీరకు దక్క వేరొకదానికి ఆ పేరు పెట్టి అమ్ముట నేరము. నేతగాండ్రు అధీకృత వినియోగదారులుగా తమ పేర్లను నమోదు చేయించుకొనవచ్చును. చేనేత ముద్ర 2006 నుండి కలదు. ఇవి యన్నియు వర్తకునిపై చర్య తీసికొనుటకు ఉపకరించును. కాని మన పక్షమున తేదీతో, పేరుతో కూడిన కాగితము లేనిచో ఆ చర్య ఆలస్యమగును.

ఇచ్చట మన ప్రాంతపు వానినే ఒక పెద్దను తలచుకొనుట ఉచితము. సురవరం ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము అలంపురము దగ్గరి ఇటిక్యాలపాడు. అది నేటి గద్వాల జిల్లాలోనిదే. 1952లో వారు వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1926లో వారు గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరని ఒకరు వ్రాయగా, వారు వాదమునకు దిగక, ఊరూరి కవుల నుండి పద్యములు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసిరి. 354 మంది కవులు అందున్నారు. ఆ సంచిక బలమంతయు దేనిలో నున్నదో చూడుడు. పద్యములను మాత్రమే గుట్టగా పోసి యున్నచో అది ఎవరికిని జవాబు కాకపోయెడిది. ఈ పద్యము ఈయనది, ఈయన ఈ ఊరివాడు అని చెప్పుట వలననే అది జవాబైనది. మనము చీరను గూర్చియు, వేరుశనగను గూర్చియు చేయదగిన ప్రచారమునకు ఇంతకంటె మంచి మాదిరి వెదుకనక్కరలేదు.

ఇక చట్టము మాట. కాపీరైటు చట్టము 1957 నాటిది. పత్రికలో అచ్చయినంత మాత్రమున వ్యాసము ఊరుమ్మడి సొత్తు కాదు. మన ఊరిని గూర్చి వ్రాసినది గనుక మనదే యని కొందరు సభ్యులు మాతో అనిరి. ఊరు మనదే, వ్రాత వారిది. బయటి రచయిత పంపిన వ్యాసమున హక్కు, వేరు ఒప్పందము లేనిచో, రచయితదే. పత్రికలో ఉద్యోగము చేయుచు వ్రాసినదైనచో, వేరు ఒప్పందము లేనప్పుడు, పత్రికలలో ప్రచురించు హక్కు పత్రిక యజమానిది, తక్కిన హక్కులు వ్రాసినవానివి. కావున ఇరువురిని అడుగుట క్షేమము. ప్రభుత్వ పత్రికలోని దానికి ఆ శాఖ కార్యాలయమునకు వ్రాయవలెను. తెలుగు వ్యాసమును కన్నడములోనికో ఇంగ్లీషులోనికో మార్చుటకును అనుమతి కావలెను. రాయచూరు, కర్నూలు సంతలకు సరకు పంపువారు దీనిని మరువరాదు. ఫోటోకు హక్కు వేరు. వ్యాసకర్త ఒప్పుకొన్నంతనే ఫోటో తీసినవాడు ఒప్పుకొన్నట్లు కాదు.

వర్తమాన విషయములపై వ్రాసిన వ్యాసమును, రచయిత ప్రత్యేకముగా వలదని ప్రకటింపనిచో, వేరొక పత్రిక తిరిగి ప్రచురించుటకు చట్టము వెసులుబాటు ఇచ్చినది. ఆ వెసులుబాటు పత్రికలకు ఉద్దేశింపబడినది. సరకు అమ్ము పుటకు దానిని అన్వయించుకొని ధైర్యపడవలదు. తెలిసి హక్కును అతిక్రమించినవారికి 6 నెలల నుండి 3 సంవత్సరముల వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. వ్యాపార లాభమునకు చేయనిచో న్యాయస్థానము తగ్గింపవచ్చును; మనము చేయుచున్నది వ్యాపారమే గదా! అంతేకాక, హక్కును అమ్ముకొన్న పిమ్మటను, తన రచనకు తానే కర్తనని చెప్పుకొను అధికారము, తన గౌరవమునకు భంగము కలుగునట్లు రచనను చెరచినచో అడ్డగించు అధికారము రచయితకు ఉండును.

రచయిత గతించిన మరుసటి సంవత్సరము మొదలు 60 యేండ్లు నిండినచో ఆ రచన అందరిదగును. ప్రతాపరెడ్డిగారు 1953లో గతించిరి. కావున వారి జీవితకాలమున అచ్చయిన రచనలు 2014 నుండి ఎవరైనను తిరిగి ప్రచురించుకొనవచ్చును. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అట్టి గ్రంథము నుండి మన పల్లెల జీవనమునకు సంబంధించిన భాగమును చేర్చుకొనుటకు ఎవరిని అడుగవలసిన పని లేదు. పేరు చెప్పుట మాత్రము మానవలదు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైనది. అందలి వ్యాసములను వ్యాపారమునకు సైతము ఎత్తి వాడుకొనవచ్చును. మూలము చెప్పవలెను, మార్పులు చేసినచో దానిని అదే షరతుపై ఇతరులకును విడువవలెను. అందుండి తీసికొనవచ్చును గాని, అందులో మన సరకు ప్రకటన వేయుటకు వీలు లేదు. ఒక యువకుడు తన ఊరి పుటలో ధరల పట్టిక చేర్చి, మరునాటికి అది తొలగింపబడగా మిక్కిలి చిన్నబుచ్చుకొనెను. తొలగించినవారిది తప్పు కాదు.

తేదీని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. పాత వ్యాసములో తప్పు లేకున్నను, కాలము మారుటచే అది తప్పగును. 2014 జూన్ 2కు ముందు వ్రాసినదానిలో గద్వాల ఆంధ్రప్రదేశ్‌లోనిది. 2016 అక్టోబరు 11కు ముందు వ్రాసినదానిలో గద్వాలయు, వనపర్తియు, నాగర్‌కర్నూలును మహబూబ్‌నగరు జిల్లాలోనివి. తేది తీసివేసి దానిని నేడు పంచినచో చదువరి దేనిని నమ్మవలెను? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి మునిగినది. మగ్గములున్న ఇండ్లు నీటి పాలైనవి. వరదకు ముందు వ్రాసిన వ్యాసమును తేది లేక నేడు పంచుట అనగా, అక్కడివారు పడిన కష్టమును తుడిచివేసి, పాత ఊరు పాత మగ్గములు అట్లే యున్నవని చెప్పుటయే.

నాగర్‌కర్నూలు సభ్యులకు ఇది మరింత ముఖ్యము. నల్లమలలోని సలేశ్వరము జాతర చైత్ర పౌర్ణమి సమయమున జరుగును. ఆ చోటు అమ్రాబాదు పులుల అభయారణ్యములోనిది. ఏటికి ఆ కొలది దినములే అటవీ శాఖవారు యాత్రికులను పోనిత్తురు. ఆ జలపాతమును వర్ణించిన వ్యాసమును, ఆ నియమము వ్రాసిన చివరి పేరా కత్తిరించి, వానకాలమున పంచినచో ఏమగును? పిల్లలతో బయలుదేరిన కుటుంబము అడవి ద్వారము నుండి వెనుదిరుగవలెను. లేదా, అంతకంటె చెడుగా, దొంగదారిన లోపలికి పోవలెను. సోమశిలలో పడవ ప్రయాణమును గూర్చి వ్రాసిన దానికిని ఇదే చెల్లును. కృష్ణలో నీటిమట్టము ఏడాది పొడుగునా ఒక్క తీరున నుండదు. యాత్రికుల రాకతో బ్రతుకు చిన్న అంగళ్లకు ఒకసారి మోసపోయి తిరిగిపోయినవాడు మరల రాడు.

వనపర్తి వైపు వేరుశనగ నూనెను, నల్లమల తేనెను అమ్ము సంఘములకు వేరొక హెచ్చరిక. పత్రికలలో ఆరోగ్య శీర్షికలు ఉండును. తేనె ఈ వ్యాధికి మంచిది, గానుగ నూనె ఆ వ్యాధిని పోగొట్టును అని అందు వ్రాయుదురు. ఆ మాట పత్రికలో నున్నంత సేపు అది ఒకరి అభిప్రాయము. దానినే తెచ్చి మన సీసా ప్రక్కన, ధర ప్రక్కన ఉంచిన క్షణమున అది ప్రకటన యగును. దానికి జవాబుదారులము మనము. మధుమేహము మొదలైన కొన్ని వ్యాధులను మాన్పునని మందుగా ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. "మేము వ్రాయలేదు, పత్రికలో వచ్చినదే వేసితిమి" అను సమాధానము నిలువదు. వేరుశనగ ఏ నేలలో పండినది, ఎప్పుడు ఆడించినది, ఎట్లు నిలువచేసినది చెప్పు వ్యాసమును పంచుడు. వ్యాధుల జోలికి పోవలదు.

ఎన్ని చోట్ల పంచిన అంత మంచిదని ఒక నమ్మకము కలదు. అదియు పూర్తిగా నిజము గాదు. గూగుల్ వంటి వెదకు యంత్రములు ఒకే వ్యాసము ఇరువది చోట్ల కనబడినచో సామాన్యముగా అందులో ఒకదానిని ఎన్నుకొని చూపి, తక్కినవానిని వెనుకకు నెట్టును. అది ఎన్నుకొన్నది మనది గాక పెద్ద వర్తకునిది కావచ్చును. ఇరువది అంగళ్లలో ఒకే పాఠమును అతికించుటకంటె, అనుమతి గల పాఠమును సంఘపు పుటలో నిలిపి, తక్కిన చోట్ల రెండు వాక్యముల పరిచయము వ్రాసి, పూర్తి పాఠమునకు దారి చూపుట మేలు. డబ్బు పుచ్చుకొని వందల పుటలలో మీ వ్యాసము వేయుదుమని వచ్చువారిని నమ్మవలదు. పంచాయతీ నిధుల నుండి అట్టివారికి రూపాయి కూడ ఇయ్యవలదని మా అభిప్రాయము.

ఇందు పంచాయతీ చేయదగిన పని చిన్నదే. ఒక పుస్తకము పెట్టుడు. మన ఊరిని గూర్చి, మన సరకును గూర్చి ఎక్కడ ఏది అచ్చయినను, పత్రిక పేరు, తేది, రచయిత పేరు, ఫోటో తీసినవారి పేరు అందు వ్రాయుడు. అసలు ప్రతిని కార్యాలయమున భద్రపరచుడు. పంచదలచినప్పుడు రచయితకు ఉత్తరము వ్రాయుడు. ఏ వ్యాసము, ఎక్కడ వేయుదుము, ఎంతకాలము ఉంచుదుము, ఏ భాషలో, ఏమైన కత్తిరింతుమా, రుసుము ఎంత, ఇవి యన్నియు అందు ఉండవలెను. కాలము వ్రాయకుండ హక్కు వ్రాయించుకొన్నచో చట్టము దానిని 5 సంవత్సరములుగానే ఎంచునని గుర్తుంచుకొనుడు. సమాధానము వ్రాతపూర్వకముగానే పుచ్చుకొనుడు; ఫోనులో సరే యన్న మాట చాలదు. రుసుము ఇయ్యగలిగినచో ఇయ్యుడు. చీర నేసినవానికి కూలి ఇయ్యవలెనని వాదించు మనము, చీరను గూర్చి వ్రాసినవానికి ఏమియు అక్కరలేదనుట సరిగాదు. ఏటికొకసారి, మార్చి లెక్కలు చూచునప్పుడు, పంచిన వ్యాసములను కూడ ఒకసారి చదివి, మారిన ఫోను నంబరు, మారిన ధర ఉన్నచో, మూలమును చెరుపక క్రింద వేరుగా గమనిక వేయుడు.

మేము మొదట చెప్పిన ఆ సంఘమువారు మరల ఆ ఉపాధ్యాయుని యొద్దకు పోయి, ఈ తీరుగా ఉత్తరము ఇచ్చిరి. నేడు వారి పుటలో వ్యాసము పూర్తిగా నున్నది. పైన రచయిత పేరు, క్రింద పత్రిక, నెల, సంవత్సరము, నేసిన ఊరు. కుప్పడము ముడిని దగ్గరగా చూపు ఫోటో ఒకటి చేర్చిరి. అది సంఘములోని ఒక నేతగాని కుమార్తె తీసినది, ఆమె పేరును దాని క్రింద నున్నది. ఆ వర్తకునకు తిరిగి వ్రాయగా ఈసారి అతడు వ్యాసమును తొలగించెను. ఉపాధ్యాయుడు రుసుము పుచ్చుకొనలేదు. వ్యాసము వ్రాసి చాల యేండ్లైనది, అప్పుడు చూచిన మగ్గములలో ఎన్ని ఆడుచున్నవో ఎన్ని ఆగినవో ఒకసారి వచ్చి చూచి, గమనిక తామే వ్రాసి యిత్తుమని అడిగిరి. వచ్చే వారము సంఘమువారు వారిని తీసికొని పోవుచున్నారు.